ఉప్పు తిన్న పంపు

బుధవారం తెల్లారి స్విచ్చి వేస్తే
గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టు
ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది.
మళ్ళీ వేశాను.
మూలిగింది గానీ తిరగలేదు.
కెపాసిటర్ పోయుంటుంది అనుకున్నాను,
అంత చిన్న జబ్బయితే బాగుండు అనుకున్నాను.

కిందటి పుష్కరాలు కాదు, ఆ ముందు పుష్కరాలప్పుడు కొన్నారట.
కోయంబత్తూరు సరుకు. ఆకుపచ్చ రంగు,
ఇప్పుడు ఆ రంగు ఎక్కడుందో వెతుక్కోవాలి.
వీరవాసరంలో ఈ స్విమ్మింగ్ పూల్ చూసుకుంటున్న తొమ్మిదేళ్ళూ
నా పొద్దు దాని రొద మీదే నడిచింది.
రొద ఉంటే నీళ్ళు కదులుతున్నట్టు.
నీళ్ళు కదిలితే
ఒకటో తారీకు కదులుతున్నట్టు.

రెండో రోజుకి నీళ్ళు మసకేశాయి.
మూడో రోజు మెట్ల మీద పాకుడు.
నాలుగో రోజు ఒక కప్ప వచ్చి
'లోతు ఆరడుగులు' అని రాసిన చోట కూర్చుంది,
నెల ఫీజు ముందే కట్టినంత దర్జాగా.
గేటవతల వేసవి బ్యాచి పిల్లలు
మెడల్లో తువ్వాళ్ళతో
"ఇవాళైనా ఉందా ఆంటీ?"

కాలవ రెండు ఫర్లాంగులే.
మా అన్నలు ఎండు సొరకాయ నడుముకి కట్టుకుని
అందులోనే ఈత నేర్చారు.
ఇప్పుడు చెరువులు ఖాళీ చేసిన నీళ్ళన్నీ అందులోకే.
గేదె కూడా ఒడ్డున నిలబడి
కాసేపు ఆలోచిస్తోంది.

పాలకొల్లు నుంచి దావీదు మేస్త్రి వచ్చాడు.
స్క్రూడ్రైవర్ కొన మోటారుకి ఆనించి
పిడి చెవికి పెట్టుకుని
వెనక ఫ్యాను చేత్తో తిప్పుతూ కళ్ళు మూసుకున్నాడు.
మా నాన్న నాడి చూసిన ఆచారి గారు కూడా
అంతసేపు మూసుకోలేదు.

బోల్టులు రాలేదు. కిరసనాయిలు పోశాం, టీ తాగాం,
మళ్ళీ పోశాం.
విప్పాక లోపల ఇంపెల్లర్ రెక్కలు
ఎలకలు కొరికిన అట్టముక్కల్లా.
షాఫ్టు, నమిలి ఊసిన చెరుకుగడ.
"వైండింగు మాత్రం బంగారం అక్కా,
ఈ రాగి ఇప్పుడెక్కడ దొరుకుద్ది" అన్నాడు.
కారుతున్న చుక్క వేలితో తీసి నాలిక్కి రాసుకుని
పక్కకి తిరిగి ఊశాడు.

"బోరు ఎన్ని అడుగులు?"
"నూట ఎనభై."
"గోడవతల రొయ్యల చెరువు ఎవరిదండి?"

కుర్చీలో ఉన్న రాజుగారు
ఫోనులో ఏదో చూసుకుంటున్నారు.
నేను క్లోరిన్ డబ్బా మూత బిగించాను,
అది బిగించే ఉంది.

"ఉప్పు తిన్నోడు నీళ్ళు తాగక తప్పదంటారు గదండి,
ఆయ్, ఇక్కడ యవ్వారం తిరగబడింది.
నీళ్ళు తాగి తాగి
ఉప్పు తినేసిందండి ఇది."

బాగుచేస్తే పదకొండు వేలు, ఏడాది గ్యారంటీ లేదు.
కొత్తదైతే ఇరవయ్యారు.
రాజుగారు లెక్క వినలేదు.
"మోటారు పనికొస్తుందా?" అన్నారు.
"పదేళ్ళు తిరుగుద్దండి."
"అయితే చెరువు మీద ఏరియేటర్‌కి బిగించెయ్."

అలా ఒక్క ఒంటిని రెండు చేశాడు.
పంపు పాత ఇనపోడి తక్కెట్లోకి,
మోటారు గోడవతలికి,
తనని తిన్న ఉప్పుకి ఊపిరి పొయ్యడానికి.

కొత్తది థర్మాకోల్ బట్టల్లో వచ్చింది.
చప్పుడు లేదు. అదే దాని గొప్పతనమట.
నాకు నమ్మకం చాలక
పూటకి పదిసార్లు పైపు మీద అరచెయ్యి పెట్టి చూస్తున్నాను,
జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు.

రాత్రి కరెంటొచ్చాక
చెరువులో ఇరవై చక్రాలు ఒక్కసారే నీళ్ళని కొడతాయి.
అందులో ఒకటి
కొంచెం గరగరగా, కొంచెం వెనగ్గా.
పిలిస్తే పలికేంత దూరం.

పొద్దున్న పుస్తకంలో రాశాను:
పంపు కొత్తది. ప్రెషర్ సరి. క్లోరిన్ సరి.
నీళ్ళు అడుగు కనపడేంత తేట.
పిల్లలు ముప్పై ఇద్దరు.
రుచి రాయడానికి
ఆ పుస్తకంలో గడి లేదు.